ఓడకు రెండవ జలప్రవేశం
(మడివాళలో ఉగాది సభనాడు చేసిన ప్రసంగ పాఠం)



మడివాళలో కూర్చుని సముద్రాన్ని గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి తోచవచ్చు. కాని సంగతి మన ఇళ్ళలోకి వచ్చే వచ్చింది. సెలవు దొరికితే మన పిల్లలు రాత్రి బస్సెక్కి మురుడేశ్వరం పోతున్నారు. అక్కడ నేత్రాణి దీవి దగ్గర వీపున గాలి సిలిండరు కట్టుకొని నీళ్ళలో దిగి, చేపలను చూచి వస్తున్నారు. వారిలో ఒక కుర్రవాడు నన్నడిగాడు: "బాబాయిగారూ, పరదేశాల్లో పాత ఓడలను కడిగి, కావాలనే ముంచి, డైవర్లకు చూపిస్తారట. ఆ కడిగేవాళ్ళు జీతం తీసుకోరట. మన విశాఖలో ఎందుకు చేయకూడదండీ?" ప్రశ్న మంచిది. అవుననటానికీ కాదనటానికీ ముందు తెలుసుకోవలసినవి కొన్ని వున్నవి.

ఓడ పుట్టుక తెలుగువారు కళ్ళారా చూచినదే. 1941లో సింధియా కంపెనీవారి ఓడల కర్మాగారానికి విశాఖలో శంకుస్థాపన జరిగింది. 1948 మార్చిలో అక్కడ తయారైన 'జల ఉష'ను నెహ్రూగారు నీళ్ళలోకి విడిచారు. ఓడ ముసలితనమూ చూచాము. 1969లో నౌకాదళంలో చేరిన కుర్సురా జలాంతర్గామి 2001లో పదవీ విరమణ చేసింది. 2002లో దానిని రామకృష్ణా బీచి ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిపారు. అంతటి భాగ్యం అన్నిటికీ పట్టదు. చాలా ఓడలు గుజరాత్‌లోని అలంగ్ తీరంలో ముక్కలై, ఇనుముగా కరిగిపోతాయి.

మూడవ దారి ముంచటం. కెనడా పశ్చిమ తీరాన వాంకూవరులో 1986లో కొందరు డైవర్లు కూడి, బ్రిటిష్ కొలంబియా కృత్రిమ దిబ్బల సంఘమని ఒకటి పెట్టుకున్నారు. 1991లో ఒక చిన్న సరుకుల ఓడతో మొదలుపెట్టారు. తరువాత వారి నౌకాదళం వదిలివేసిన నౌకలను వరుసగా ముంచారు: 1992లో షోడియేర్, 1995లో మెకెంజీ, 1996లో కొలంబియా, 1997లో సస్కాచవాన్, 2001లో కేప్ బ్రెటన్. సముద్రపు అడుగు ఉత్త ఇసుకో బురదో అయినచోట ప్రాణి పట్టుకొని నిలవటానికి ఆధారం వుండదు. అక్కడ ఇనుప గోడ ఒకటి దొరికితే, నీటిలో కొట్టుకుపోయే గుల్లల పిల్లలూ నాచూ దానిని అంటుకుంటాయి. వాటిని తినే చేపలూ, నీడకోసం వచ్చే చేపలూ చేరుతాయి. కొన్నేళ్ళకు ఓడ ఏదో దిబ్బ ఏదో తెలియదు.

అయితే ముంచటం నిమిషాల పని. కడగటమే నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల పని. మడివాళ అంటే కన్నడంలో బట్టలు ఉతికి మడి చేసేవారని పేరు. ఈ ఓడకు కావలసినది కూడ మడే. ట్యాంకులలో మిగిలిన నూనె తోడి, గోడలు తుడవాలి. యంత్రాలలోని కందెన తీయాలి. నీటిపై తేలే చెక్క, ప్లాస్టిక్, నురుగు పరుపులు, అన్నీ బయటికి మోయాలి. కేబుళ్ళు మైళ్ళ కొద్దీ వుంటాయి, అవి లాగివేయాలి. ఊడిపోయే రంగు గోకాలి. తలుపులు పీకివేయాలి, లేదా తెరిచివుండేటట్లు అతికివేయాలి. తరువాత పక్కగోడలలో పెద్ద కంతలు కోస్తారు. లోపలికి వెళ్ళిన డైవరుకు ఎటు చూచినా వెలుతురు కనబడాలి, ఎటునుంచైనా బయటపడే దారి వుండాలి. కోసిన అంచులు చేతికి తగలకుండ అరగదీస్తారు. రాగి, ఇత్తడి అమ్మగా వచ్చిన డబ్బు ఖర్చులకు కొంత కలిసివస్తుంది. శని ఆదివారాలలో వచ్చి, నూనె మరకల బట్టలతో ఇంటికి పోయేవారి కష్టం దీని వెనుక ఎంతో వున్నది. వారిని తలచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది.

కాని అన్ని పనులూ వాలంటీర్లవి కావు. పాత ఓడల గొట్టాలకు రాతినార చుట్టి వుంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులలో చేరితే పోదు. పాత కేబుళ్ళ తొడుగులలో, పట్టీలలో పి.సి.బి. అనే రసాయనాలు వుంటాయి. అవి చేప కొవ్వులో చేరి, చేపనుంచి మన కంచంలోకి వస్తాయి. వీటిని తీయవలసినది తర్ఫీదు పొందినవారు, పేలుడు మందు అమర్చవలసినది నిపుణులు. ఆ కెనడా సంఘమే 2008లో అన్నాపోలిస్ అనే నౌకను కొన్నది. అందులో పి.సి.బి.లు బయటపడినవి, వాటిని తీయించవలసివచ్చింది. ఆ తరువాత ఆ చుట్టుపక్కలవారు ఓడ అడుగు రంగులో విషం వున్నదని కోర్టుకెక్కారు. చివరకు 2015 ఏప్రిల్‌లో మునిగింది. ఏడేళ్ళు! అమెరికాలో 2006లో ముంచిన ఒరిస్కానీ విమానవాహక నౌకలో మూడువందల కిలోలకు పైగా పి.సి.బి.లు వదిలివేయటానికి ప్రభుత్వం అనుమతించింది. నాకది నచ్చలేదు.

మునగటం కూడ మన చేతిలో వుండదు. యూకాన్ అనే నౌక 2000 జూలైలో శాన్ డియాగో దగ్గర ముహూర్తానికి ఒకరోజు ముందే, కోసిన కంతలగుండా నీరు చేరి, తనంత తాను మునిగి పక్కకు వొరిగి పడుకున్నది. మన పెళ్ళిళ్ళలో పురోహితుడు ఆలస్యం చేస్తాడు గాని, పెళ్ళికూతురు ముందురోజే తాళి కట్టించుకోదు గదా.

మరొక ఉదాహరణ చెప్పక తప్పదు. ఫ్లోరిడాలో 1970ల ఆరంభంలో పాత టైర్లు కట్టలు కట్టి సముద్రంలో పడవేశారు, ఓస్బోర్న్ దిబ్బ అని. వందకు పైగా పడవల వాళ్ళు ఉత్సాహంగా సహాయపడ్డారు. ఇరవై లక్షల టైర్లు! కట్లు తెగినవి, టైర్లు దొర్లి పక్కనున్న నిజమైన పగడపు దిబ్బను గుద్ది చంపసాగినవి. తరువాత సైనిక డైవర్లను దింపి తీయించవలసివచ్చింది. అక్కడ దురుద్దేశం ఎవరికీ లేదు, అందరిదీ సేవాభావమే.

ఇక మన దేశం. కడలూరు అనే మైన్లు ఏరే నౌక 2018లో విరమించగా, దానిని పుదుచ్చేరి తీరంలో ముంచి ప్రదర్శనశాల చేయాలని ప్రతిపాదించారు. 1985లో పోలండులో నౌకాదళంలో చేరిన గుల్దార్ 2024 జనవరిలో విరమించింది. మహారాష్ట్ర పర్యాటక సంస్థవారికి దానిని 2025 ఫిబ్రవరిలో అప్పగించారు. సింధుదుర్గ జిల్లాలో నివతి రాళ్ళ దగ్గర ముంచాలని వారు సంకల్పించారు. ఇవి ప్రభుత్వాలు, నౌకాదళం చేసే పనులు. ఊరివాళ్ళు కూడి కడిగే ఆచారం మన దగ్గర ఇంకా పుట్టలేదు.

విశాఖ మాటకు వస్తాను. అక్కడ ఇప్పటికే మునిగివున్న వాటిలో ఘాజీ ఒకటి, 1971 డిసెంబరులో తొంభై మందికి పైగా నావికులతో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి. శత్రువులదైనా అది సమాధి, చూడముచ్చట కాదు. కొత్తగా ఒక ఓడను ముంచుదామంటే మొదట అడగవలసినది డైవర్లను కాదు, జాలరిపేటల వారిని. మునిగిన ఇనుముకు వల చిక్కితే చినిగేది వారి వల, పోయేది వారి రోజు కూలి. దిబ్బ కొత్త చేపలను పుట్టిస్తుందా, చుట్టూ వున్నవాటినే ఒకచోటికి చేర్చి సులభంగా పట్టిస్తుందా అన్నది శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్న విషయం. చేపలకోసమే అయితే ఓడ అక్కరలేదు. కొచ్చిలో కేంద్ర కార్యాలయం గల కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు కాంక్రీటు త్రికోణాలూ, వరలూ దించి దిబ్బలు కట్టిస్తున్నారు. వాటిలో కడగవలసిన విషం లేదు. ఓడ ముఖ్యంగా డైవర్ల వేడుక. వేడుక తప్పు కాదు, కాని దాని పేరు దానికి పెట్టాలి.

ఈ లోపల చేయదగిన పని లేకపోలేదు. విశాఖలో కొందరు డైవర్లు రామకృష్ణా బీచి దగ్గర నీళ్ళలో దిగి ప్లాస్టిక్కూ, తెగిన వలలూ వెలికి తీస్తున్నారు. డైవింగు నేర్చిన మన పిల్లలు వేసవికి ఊరు పోయినప్పుడు వారితో రెండు రోజులు కలిస్తే, నీటి అడుగున ఒక వల విప్పటానికే ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. వానకాలంలో సముద్రం పోటెత్తుతుంది గనుక, వెళ్ళదలచినవారు మే నెలాఖరులోపల వెళ్ళాలి.