ఇన్సులిన్ సీసా – సిరంజి

నర్సింగు విద్యార్థినులకు నేను మొదట చెప్పిన లెక్క ఇది: వేయవలసిన మోతాదును, ఒక మిల్లీలీటరులో ఉన్న మందుతో భాగించాలి. మన ఓబులదేవరచెరువులో ఇంట్లోనే ఇన్సులిన్ వేసుకునేవారికీ ఇదే లెక్క. 40 రకం సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. 20 యూనిట్లంటే అర మిల్లీలీటరు. దానికి ఎర్రమూత సిరంజి. 100 రకానికి నారింజ మూతది. 100 సీసా మందును ఎర్రమూత సిరంజిలో 20 గీత దాకా లాగారా, ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు! చెమటలు పట్టి, స్పృహ తప్పి, ప్రాణం మీదికి వస్తుంది. తారుమారైతే 8 యూనిట్లే పడి షుగరు దిగదు. మూతలు మారిపోతుంటాయి కాబట్టి సిరంజి మీది అంకెనే నమ్మండి. చత్వారం ఉన్నవారు మనవళ్లతో చదివించుకోండి. కొత్త సీసా కొనేటప్పుడు పాతదీ, సిరంజీ వెంట తీసుకెళ్లండి.