మందు సీసా – మన బాధ్యత
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఫార్మసిస్టునూ కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మాష్టారుని. మందుల గురించి ఈయనేం మాట్లాడతాడని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. మన ఆఫీసు వరండాలో ఉన్న మందుల పెట్టె పెట్టించింది నేనే. ఈ రోజు దాన్ని తీసేయమని అడగడానికి వచ్చిందీ నేనే. అందుకని మాట్లాడక తప్పదు.

ఆ పెట్టె సంగతి మీకందరికీ తెలుసు. ఇంట్లో వాడగా మిగిలిన మందులు అందులో వేస్తే, కొనుక్కోలేని వాళ్ళకు పంచుతున్నాం. పారేస్తే వృథా, ఇస్తే సవాబు అని నాలుగేళ్ళ కిందట ఈ సభలోనే చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉండేది.

కిందటి ఎండాకాలం మా అమ్మీకి బెజవాడలో కంటి శుక్లం తీయించాం. ఆపరేషను బాగానే జరిగింది. రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేయాలన్నారు. అంతకుముందే ఆమెకు చెవిలో గుబిలి కరగడానికి వేరే చుక్కల మందు ఉంది. రెండూ బొటనవేలంత తెల్ల ప్లాస్టిక్ సీసాలే. రెండింటి మీదా ఇంగ్లీషు అక్షరాలే. అమ్మీ ఉర్దూ చక్కగా చదువుతుంది, తెలుగు మాట్లాడుతుంది, ఇంగ్లీషు రాదు. ఆ రెండు సీసాలనూ ఒకే డబ్బాలో పెట్టింది నేను. నేను బడిలో ఉండగా ఒక మధ్యాహ్నం చెవిలో వేసుకోవలసిన మందు కంట్లో వేసుకుంది. ఆమె కేకకు పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి, మంచినీళ్ళతో కన్ను కడిగి నాకు ఫోను చేశారు. కారు మాట్లాడుకుని బెజవాడ పోయేదాకా దారి పొడుగునా నేను ఆమె ముఖం వంక చూడలేకపోయాను. అల్లా దయవల్ల పది రోజుల్లో కన్ను బాగుపడింది.

అక్కడ మందులిచ్చే గదిలో ఒక కుర్ర ఫార్మసిస్టు ఉన్నాడు. నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "మాష్టారూ, ఆ మందు ఘాటు ఒక సంగతి. రెండో సంగతి ఇంకా పెద్దది. కంటి మందు స్టెరైల్‌గా ఉండి తీరాలి. మామూలు చెవి మందుకు ఆ నిర్బంధం లేదు. మీ అమ్మగారి కంటికి కోత ఇంకా మానలేదు కదా" అన్నాడు.

ఈ స్టెరైల్ అనే మాట నేను బడిలో పిల్లలకు చెప్పినదే. కానీ అర్థం ఆ రోజే తెలిసింది. సాఫ్ వేరు, పాక్ వేరు అని మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఉతికి మెరిసిపోతున్న బట్ట కూడా పాక్ కాకపోవచ్చు. ఇదీ అటువంటిదే. మందు తేటగా కనబడితే చాలదు. అందులో బ్రతికున్న సూక్ష్మజీవి ఒక్కటి కూడా ఉండకూడదు. నోటితో మింగే మందుకు కడుపులో ఆమ్లం కొంత కాపలా కాస్తుంది. నరంలోకి, వెన్నులోకి, కంట్లోకి పోయే మందుకు ఆ కాపలా లేదు.

2016లో హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. శుక్లాల ఆపరేషను చేయించుకున్న పదమూడు మందికి కళ్ళలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. కొందరికి ఆ కంటి చూపే పోయింది. కన్ను కడగడానికి వాడిన రింగర్ లాక్టేట్ ద్రవంలో బాక్టీరియా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. సెలైన్ లాగా తేటగా ఉండే ద్రవమది. బీదవాళ్ళు, ముసలివాళ్ళు, కూతురి పెళ్ళి కళ్ళారా చూడాలని వచ్చినవాళ్ళు కూడా అలాంటి ఆసుపత్రులకు వస్తారు. సీసా మూత తీసే సిస్టరుకు గానీ, కత్తి పట్టిన డాక్టరుకు గానీ లోపలున్నది కనబడదు. ఎక్కడో తయారీలో జరిగిన పొరపాటుకు ఇక్కడ ఒక ముసలమ్మ కన్ను బలి.

తయారీలో ఏం జరుగుతుందో మన ఆడవాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. ప్రెషర్ కుక్కరు పొయ్యి మీద పెట్టి, ఆవిరి గట్టిగా వచ్చాకనే వెయిట్ పెడతారు కదా. ఎందుకు? లోపలి గాలి బయటకు పోవాలి. గాలి ఉన్నచోట ఆవిరి వేడి సరిగా అందదు. సెలైన్ సీసాలను శుద్ధిచేసే ఆటోక్లేవ్ కూడా ఒక పెద్ద కుక్కరే. 121 డిగ్రీల వేడిలో కనీసం పదిహేను నిమిషాలు ఉంచాలి. 1971లో ఇంగ్లండులో ఒక కంపెనీ గ్లూకోజు సీసాలను ఇలాగే శుద్ధి చేసింది. అడుగున గాలి బయటకు పోకుండా ఉండిపోయింది. ఆవిరి కంటే గాలి బరువు, అందుకని కిందనే ఉంటుంది. పై వరుస సీసాలు శుద్ధి అయ్యాయి, కింది వరుసవి కాలేదు. వేడి అందలేదని ఒక కొలత పరికరం చూపిస్తూనే ఉంది. పనివాళ్ళు పరికరమే చెడిపోయిందనుకున్నారు. మరుసటి ఏడు, 1972లో, ప్లిమత్ నగరంలోని డెవన్‌పోర్టు ఆసుపత్రిలో ఆ సీసాలు రోగుల నరాల్లోకి ఎక్కాయి. ఐదుగురి చావులు ఆ సీసాలతో ముడిపడ్డాయి. దీని మీద ప్రభుత్వం విచారణ కూడా జరిపింది. పరికరం చెప్పింది మనకు నచ్చకపోతే పరికరాన్నే తప్పు పట్టే అలవాటు ఒక్క ఇంగ్లండు వాళ్ళకే లేదు. మా బడిలోనూ ఉంది.

మా అబ్బా చిన్నతనంలో పల్లెల్లో కాంపౌండర్‌గారు ఉండేవారట. సీసాలో ఎర్రటి మిక్చరు కలిపి, కాగితం ముక్కకు పళ్ళు కత్తిరించి, మోతాదు గుర్తుకు సీసాకు అంటించేవాడు. ఆ కాంపౌండర్ పని ఇప్పుడు పోయిందనుకుంటాం. పోలేదు. పెద్దాసుపత్రుల్లో లోపలి గదికి మారింది. కాన్సరు మందులు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు నరం ద్వారా ఇచ్చే ఆహారం, పసివాడి బరువుకు సరిపడా కొలిచిన సూదిమందు, ఇవన్నీ కంపెనీ నుంచి తయారై రావు. ఫార్మసిస్టు కలపాలి. గాలిని సన్నటి వడపోత గుండా పంపే పెట్టె ముందు, గౌను, మాస్కు, గ్లవ్స్ వేసుకుని కలపాలి. చేతులు కడగాలి, సీసా మూతను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఆ స్పిరిట్ కూడా నూటికి డెబ్భై పాళ్ళదే మంచిదట. కొంత నీరు ఉంటేనే సూక్ష్మజీవి చస్తుంది. నేను విని ఆశ్చర్యపోయాను.

ఈ నియమాలు సడలితే ఏమవుతుందో 2012లో అమెరికా చూసింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో మందులు కలిపి అమ్మే ఒక కేంద్రం తయారుచేసిన నడుమునొప్పి ఇంజెక్షన్లలో బూజు చేరింది. ఇరవై రాష్ట్రాల్లో ఏడు వందల యాభైకి పైగా మనుషులు జబ్బుపడ్డారు. అరవై మందికి పైగా చనిపోయారు. అంత డబ్బూ, అన్ని చట్టాలూ ఉన్న దేశంలో!

శుద్ధిగా ఉన్నంత మాత్రాన సరిపోదు. సరైన మందు, సరైన మోతాదు, సరైన మనిషికి చేరాలి. పొటాషియం క్లోరైడ్ అనే మందు చూడడానికి నీళ్ళలా ఉంటుంది. సెలైన్‌లో బాగా పలచన చేసి మెల్లగా ఎక్కిస్తే ప్రాణం పోస్తుంది. అలాగే నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. అందుకే జాగ్రత్తగల ఆసుపత్రుల్లో దాన్ని వార్డు బీరువాలో ఉంచనివ్వరు. నేను ఇంట్లో చేసిన తప్పు కూడా ఇదే కోవలోది. ఒకేలా ఉన్న రెండు సీసాలను పక్కపక్కన పెట్టాను.

ఇక మన పెట్టె సంగతి. అమ్మీ కన్ను నెమ్మదించాక ఆ కుర్రవాణ్ణి బతిమాలి ఒక ఆదివారం నందిగామ తీసుకొచ్చాను. ఇద్దరం పెట్టె తెరిచాం. కంటి చుక్కల సీసాలు ఏడు ఉంటే ఆరింటికి మూత తీసి ఉంది. కంటి మందు మూత తీసిన నెల లోపల వాడాలని మన దేశ చట్టంలోనే ఉంది, సీసా మీద కూడా అచ్చువేస్తారు. ఎవరు ఎప్పుడు తీశారో చెప్పేదెవరు? పిల్లల పొడి సిరప్ ఒకటి ఉంది. నీళ్ళు కలిపాక వారం, రెండు వారాలకు మించి ఉంచకూడదు. అది గడ్డకట్టి ఉంది. ఇన్సులిన్ సీసా ఒకటి ఉంది. ఫ్రిజ్‌లో ఉండవలసిన మందు మన మే నెల ఎండలో, రేకుల వరండాలో ఎన్నాళ్ళుందో! ఇవి చాలవన్నట్టు పేరు కూడా తెలియకుండా కత్తిరించిన మాత్రల ముక్కలు. ఆ కుర్రవాడు ఏమీ అనలేదు. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెడుతూ పోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగేళ్ళుగా ఇందులోంచి ఎవరెవరికి ఏమేమి ఇచ్చామో!

"ఏమీ లేనివాడికి ఏదో ఒకటి నయం కదా, మాష్టర్ సాబ్" అని ఒక పెద్దాయన నిన్ననే నాతో అన్నారు. ఆయన మనసు నాకు తెలుసు. కానీ ఆ ఏడు సీసాల్లో ఒక్కటైనా తమరి మనవడి కంట్లో వేయిస్తారా చిచ్చా అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు.

కార్యవర్గాన్ని నేను అడిగేది ఇది. పెట్టె తీసేద్దాం. దాని బదులు ఆ ఖాతాలో కొంత సొమ్ము పెట్టి, డాక్టరు చీటీ తెచ్చినవారికి జనౌషధి దుకాణంలో కొత్త మందు కొనిద్దాం. తక్కువ మందికే ఇవ్వగలుగుతాం, నాకు తెలుసు. రెండోది, మా బడి పిల్లలు సిద్ధంగా ఉన్నారు. ఇంగ్లీషు రాని మన అమ్మీలు, ఖాలాల మందు సీసాలకు పెద్దక్షరాలతో ఉర్దూలో గానీ తెలుగులో గానీ చీటీలు అంటిస్తారు. ఆంఖ్, కాన్, సుబహ్, షామ్, మూత తీసిన తేదీ. రాసినదాన్ని మందుల దుకాణంలోని ఫార్మసిస్టు చూసి సరే అన్నాకనే అంటించాలి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. మందు పడక ఒళ్ళు తేడా చేస్తే మీ డాక్టరుకు చెప్పండి. 1800-180-3024 అనే ఉచిత నంబరుకు కూడా చెప్పవచ్చు. దేశం మొత్తం మీద ఇటువంటి ఫిర్యాదులు రాసుకునే ప్రభుత్వ నంబరది.

మా ఇంట్లో అమ్మీ కంటి సీసా ఇప్పుడు అల్మరాలో, చెవి సీసా వంటింటి గూట్లో ఉన్నాయి. రెండింటి మీదా నా రాతే. "నీ దస్తూరీ బాగాలేదు బేటా, పిల్లల చేత రాయించు" అంటోంది.

ఇదిగో పెట్టె తాళంచెవి. కార్యదర్శిగారికి అప్పగిస్తున్నాను. ఖుదా హాఫిజ్.