వేటకు వెళ్లినవారు క్షేమంగా ఇల్లు చేరాలంటే
(మత్స్యకార కుటుంబాల ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆసుపత్రికి వచ్చే మీతో బి.పి., షుగరు, క్షయ వంటి జబ్బుల గురించి తరచుగా మాట్లాడుతుంటాం. ఈరోజు ఒక వృత్తి గురించి, దానిలో ప్రాణాలు ఎలా కాపాడుకోవాలో తెలుసుకుందాం. ఆ వృత్తి సముద్రంలో చేపల వేట.

ప్రపంచంలోని అత్యంత ప్రమాదకరమైన పనుల్లో ఇది ఒకటి. వేటలో ఏటా దాదాపు 24,000 మంది చనిపోతున్నారని 1999లో అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా వేసింది. 2022లో వెలువడిన మరో అధ్యయనం ఆ సంఖ్య లక్షకు పైనే ఉంటుందని చెప్పింది. చిన్న పడవల్లో జరిగే మరణాలు చాలా దేశాల్లో లెక్కల్లోకి రావు.

"గంగమ్మ మీద బతుకు, ఎవరి రాత ఎలా ఉందో" అని మన పల్లెల్లో అంటుంటారు. గాలినీ అలనూ మనం ఆపలేం. కానీ నీటిలో పడిన మనిషి తేలుతాడా, మునుగుతాడా అన్నది చాలావరకు ముందు జాగ్రత్త మీద ఆధారపడి ఉంటుంది. ఇది అనేక దేశాల అనుభవం.

ప్రమాదాలు ఎలా జరుగుతాయి?

బరువు ఎక్కువై గానీ, నీరు చొచ్చుకొని గానీ పడవ తిరగబడటం మొదటిది. పని చేస్తూ కాలు జారి నీటిలో పడటం రెండవది. వల లాగే యంత్రంలో, తాళ్లలో చేయో కాలో చిక్కుకోవడం మూడవది. వీటన్నిటి వెనుకా తరచుగా కనిపించేది నిద్రలేమి.

నీటిలో పడటం గురించి ఒక్క లెక్క చెబుతాను. అమెరికాలో 2000 నుంచి 2016 వరకు చేపల పడవల మీది నుంచి నీటిలో పడి 204 మంది చనిపోయారు. వారిలో ఒక్కరు కూడా లైఫ్ జాకెట్ వేసుకొని లేరు. సగానికి పైగా సందర్భాల్లో వారు పడిపోవడం తోటివారెవరూ చూడలేదు. ఈత వచ్చు కదా అని మనవాళ్లు అంటారు. కానీ చీకట్లో, అలల్లో, పడవ తనను వదిలి ముందుకు పోతుంటే ఎంతసేపు ఈదగలరు? జాకెట్ పడవలో ఏదో మూల ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి.

ఒక తల్లిదండ్రుల పట్టుదల

ఆ అమెరికాలోనే అలాస్కా తీరాన 1985లో ఒక పాత చేపల పడవ మునిగిపోయింది. అందులో సెలవుల్లో పనికి వెళ్లిన పీటర్ బ్యారీ అనే కళాశాల విద్యార్థి కూడా చనిపోయాడు. లైఫ్ రాఫ్ట్, ఆపదలో సంకేతం పంపే రేడియో పరికరం వంటివి చేపల పడవలో తప్పనిసరిగా ఉండాలని అప్పటి చట్టం చెప్పలేదు. అతని తల్లిదండ్రులు పెగ్గీ, రాబర్ట్ బ్యారీ తమ దుఃఖాన్ని తమలోనే ఉంచుకోలేదు. ఇలాగే బిడ్డలను, భర్తలను పోగొట్టుకున్న ఇతర కుటుంబాలతో కలిసి చట్టసభ సభ్యులను కలిశారు. 1988లో చేపల పడవల భద్రతా చట్టం వచ్చింది. ఆ తరువాతి సంవత్సరాల్లో అలాస్కాలో వేట మరణాలు గణనీయంగా తగ్గాయి.

అక్కడి పరిశోధకులు తాళ్లు లాగే యంత్రం మీదనే ఒక ఎర్ర మీట అమర్చారు. మనిషి చిక్కుకుంటే దాన్ని ఒక్క దెబ్బ కొడితే చాలు, యంత్రం ఆగుతుంది.

ఐస్‌లాండ్ చిన్న దేశం. అక్కడ తరతరాలుగా సముద్రం ఏటా మనుషుల్ని తీసుకుపోయేది. 1985లో నావికుల కోసం ప్రాణరక్షణ శిక్షణ పాఠశాల పెట్టారు. తరువాత ఒక పాత ఓడనే బడిగా మార్చి ఊరూరి రేవుకు తీసుకెళ్లి నేర్పారు. 2008లో, ఆ దేశ చరిత్రలో మొదటిసారిగా, ఒక్క నావికుడు కూడా సముద్రంలో చనిపోని సంవత్సరం గడిచింది.

దేశాలన్నీ కలిసి చేసిన కృషి

ఒక్కొక్క దేశం నేర్చుకున్నది అందరికీ అందాలని 2000లో అమెరికాలో చేపల పరిశ్రమ భద్రతపై మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. మూడవ సదస్సు 2006లో మన దేశంలోనే, చెన్నై దగ్గర మహాబలిపురంలో జరిగింది.

2007లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో 188వ ఒప్పందాన్ని ఆమోదించింది. అది 2017 నవంబరు 16న అమల్లోకి వచ్చింది. అందులోని ముఖ్య విషయాలు ఇవి:

1. సాధారణంగా 16 ఏళ్లు నిండనివారిని పనిలో పెట్టుకోరాదు.
2. వేటకు పంపేముందు వైద్య పరీక్ష చేయించాలి. ఆ పత్రం రెండేళ్లకు మించి చెల్లదు.
3. మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే పడవలో 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి.
4. పడవలో మందులు, ప్రథమ చికిత్స తెలిసిన మనిషి ఉండాలి. తీవ్రంగా గాయపడినవారిని ఆలస్యం లేకుండా ఒడ్డుకు చేర్చాలి.
5. ఎవరెవరు పడవలో ఉన్నారో తెలిపే పేర్ల జాబితా ఒడ్డున కూడా ఉండాలి.

ఇవి కాగితం మీది మాటలేనా అని మీరు అడగవచ్చు. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ రేవుకు ఒక తైవాన్ చేపల ఓడ వచ్చింది. పని పరిస్థితులు బాగాలేవని అందులోని కార్మికులు ఫిర్యాదు చేశారు. అధికారులు తనిఖీ చేసి, తిండి చాలదని, వసతి, భద్రత సరిగా లేవని తేల్చి, ఈ ఒప్పందం కింద ఓడను నిలిపివేశారు. ఈ ఒప్పందం ప్రకారం అలా ఆపిన మొదటి ఓడ అదే. కార్మికులు నోరు విప్పడం వల్లనే అది సాధ్యమైంది. ఆసియాలో ఈ ఒప్పందాన్ని అంగీకరించిన మొదటి దేశం థాయ్‌లాండ్, 2019లో.

ఒప్పందం అంగీకరించిన దేశాలకే అది చట్టం. కానీ అందులోని జాగ్రత్తలు ఏ తీరంలోనైనా, నాటు పడవలోనైనా మరపడవలోనైనా పనికివస్తాయి. 1996 నవంబరు తుఫానులో మన కోనసీమ, కాకినాడ తీరాల్లో వందలాది వేటగాళ్లు తిరిగి రాలేదన్న సంగతి పెద్దవారికి గుర్తే.

ఇంట్లోవారు చేయదగినవి

• వేటకు బయలుదేరేముందు వాతావరణ హెచ్చరిక వినండి. వద్దంటే పంపకండి. ఒక రోజు సంపాదన పోతే మళ్లీ వస్తుంది.
• పడవలో ఎవరెవరు వెళ్తున్నారో, ఎటు వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో రాసిపెట్టుకోండి. రావలసిన వేళకు రాకపోతే కోస్ట్ గార్డ్ నంబరు 1554కు ఫోను చేయండి.
• ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉందా అని యజమానిని, సరంగును అడగండి. అడగడం తప్పు కాదు.
• మూర్ఛ, గుండె జబ్బు, షుగరు ఉన్నవారు డాక్టరును అడగకుండా వేటకు వెళ్లకూడదు. మందులు తడవకుండా డబ్బాలో పెట్టి ఇవ్వండి.
• నీట మునిగినవారిని బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చేయకండి. శ్వాస ఆడకపోతే వెంటనే నోటిలో నోరు పెట్టి గాలి ఊదాలి, ఛాతీ మధ్యలో నొక్కాలి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకురండి. కొన్ని గంటల తరువాత కూడా ఊపిరి కష్టం కావచ్చు.

గాలం గుచ్చుకున్నా, చేప ముల్లు దిగినా చిన్నదేలే అని వదిలేయకండి. టి.టి. ఇంజెక్షను వేయించండి.

అమ్మలారా, అక్కలారా, పడవ నడిపేది మీరు కాకపోవచ్చు. కానీ బయలుదేరే మనిషి చివరిగా వినేది మీ మాటే. "జాకెట్ వేసుకో" అన్న మాట మీ ఇంట్లో అలవాటుగా మారాలి. అలా మారితే రేవంతా మారుతుంది.