ప్యాడు బడి దాకా వచ్చింది, మిరప చేను దాకా రాలేదు



తండాల నుంచి, యానాది కాలనీల నుంచి, ఎరుకల పేటల నుంచి, నల్లమల అంచున ఉన్న చెంచు గూడేల నుంచి వచ్చిన చెల్లెళ్లకీ తమ్ముళ్లకీ, మనతో కలిసి నడిచే మిత్రులకీ చెప్పుకుంటున్న మాటలివి. తమ్ముళ్లూ, విషయం వినగానే మెల్లగా లేచి బయటికి పోవద్దు. ఇవాళ మాట్లాడేది నెలసరి గురించి. మీకూ పని ఉంది, చివర్లో చెబుతాను.

మనలో మిషను కుట్టు వచ్చిన కొందరు చెల్లెళ్లు, కొనుక్కోలేని ఆడపిల్లల కోసం ఉతికి మళ్లీ వాడుకునే గుడ్డ ప్యాడ్లు కుట్టి, సంచుల్లో పెట్టి ఇద్దామంటున్నారు. నాకు ఆ ఆలోచన నచ్చింది. కానీ ఆ సంచి ఎవరి చేతికి చేరాలో ముందు తేల్చుకుందాం. పంచడం తేలికైన చోటే పంచి, ఫొటో దిగి వచ్చేయడం మన దేశంలో పెద్ద అలవాటు కదా.

రాష్ట్రంలో 2021 అక్టోబరు 5న ‘స్వేచ్ఛ’ అనే పథకం మొదలైంది. ప్రభుత్వ బడుల్లో, కాలేజీల్లో 7వ తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ఆడపిల్లలకి నెలకి 10 ప్యాడ్లు ఉచితంగా ఇవ్వాలని దాని లెక్క. మంచి పథకమే, కాదనను. కానీ ఆ ప్యాడు బడి గేటు దగ్గర ఆగిపోతుంది. హాజరు పట్టీలో పేరుండి, బడికి వచ్చే పిల్లకే అది అందుతుంది. మన పిల్లల సంవత్సరం ఎలా నడుస్తుందో మీకు తెలుసు. దసరా దాటితే పత్తి తీతలు. సంక్రాంతి దాటితే మిరప కోతలు, ఏప్రిల్ దాకా. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలకి వస్తాయి. గుడారాలు వేసుకుని చేలగట్లనే ఉంటాయి. పిల్లల్ని ఊళ్లో ఉంచి చదివించడానికి సీజనల్ హాస్టళ్లు పెట్టారు గానీ, ఈడొచ్చిన ఆడపిల్లని వదిలి రావడానికి ఏ అమ్మకి మనసొప్పుతుంది? వెంట తెచ్చుకుంటుంది. వచ్చాక ఆ పిల్లా కోతకి దిగుతుంది. నాలుగు నెలల పని, నాలుగు నెలసరులు. ఆమె పేరున ప్యాడ్లు ఊళ్లో బడికి వచ్చి ఉండొచ్చు. ఆమె మాత్రం ఇక్కడ ఉంది.

జన ఔషధి దుకాణాల్లో 2019 ఆగస్టులో ప్యాడు ధర ఒక్క రూపాయి చేశారు. ఆశా కార్యకర్తల ద్వారా తక్కువ ధరకి ఇచ్చే కేంద్ర పథకం 2011లోనే వచ్చింది. అన్నీ ఉన్నాయి. దుకాణం టౌనులో ఉంటుంది. ఆశా అక్క తన ఊరి రిజిస్టర్లో ఉన్నవాళ్లకి ఇస్తుంది. గుడారం ఏ ఊరి రిజిస్టర్లోనూ ఉండదు.

మిరప చేలో పని తెలియని మిత్రుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. అది నల్లరేగడి నేల. చాలా చోట్ల కనుచూపు మేర చెట్టు ఉండదు. పత్తి చేను బాగా ఎదిగితే నలుగురు ఆడవాళ్లు చుట్టూ నిలబడి చాటు ఇవ్వొచ్చు. మిరప మొక్క అంత ఎత్తు పెరగదు. పొద్దున ఆటో ఎక్కిన పిల్ల సాయంత్రం దిగేదాకా గుడ్డ మార్చుకోదు. నీళ్లు ఎక్కువ తాగితే బయటికి పోవాల్సి వస్తుందని, ఆ ఎండలో నీళ్లు కూడా తగ్గించేస్తుంది. పోనీ తెగించి మార్చుకుందామంటే ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఏ కరపత్రంలోనూ నేను చూడలేదు. చేతుల మంట. రోజంతా కాయ కోసిన వేళ్లకి కారం పట్టి ఉంటుంది. ఆ చేత్తో ఒంటిని తాకితే ఏమవుతుందో కోత కోసిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. కారం ఉత్త నీళ్లకి పోదు, నూనెకి కరుగుతుంది. ముందు చేతులకి కొబ్బరినూనో వంటనూనో రుద్దుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. అందుకే మన సంచిలో సబ్బుతో పాటు చిన్న నూనె సీసా కూడా ఉండాలంటాను.

“గుడ్డ వాడటం కొత్తగా నేర్పేదేముంది, మా అమ్మమ్మలు వాడింది గుడ్డే కదా” అని అడిగేవాళ్లుంటారు. నిజమే. కానీ అమ్మమ్మ చింపింది నూలు చీర. పాతబడే కొద్దీ మెత్తబడి తడి పీల్చేది. ఇప్పుడు మన ఇళ్లలో పాత చీర అంటే సింథటిక్ చీర. చౌక, తొందరగా చిరగదు, ఉతికితే గంటలో ఆరుతుంది, చేలో పనికి అదే బాగుంటుంది. తడి మాత్రం పీల్చదు. పక్కలకి కారిపోతుంది, తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. ఒడి నిండా పత్తి తీసే పిల్లకి తడి పీల్చే గుడ్డ ముక్క దొరకదు, చూడండి ఎంత విడ్డూరమో! మంగళగిరిలో నేస్తారు, చీరాలలో నేస్తారు, ఆ నూలు చీర మన గుడిసె దాకా రాదు. పోయిన ఆ నూలు గుడ్డనే కాస్త తెలివిగా కుట్టి మళ్లీ తెచ్చుకుందామంటున్నాం, అంతే.

సర్కారు లెక్కల్లో కూడా గుడ్డ అంటే చిన్నచూపే. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 నుంచి 24 ఏళ్ల అమ్మాయిలని ఈ సంగతి అడిగింది. దేశం మొత్తం మీద 64 శాతం మంది ప్యాడ్లు వాడుతున్నామన్నారు, 50 శాతం మంది గుడ్డ అన్నారు. రెండూ వాడేవాళ్లున్నారు కాబట్టి కూడితే నూరు దాటుతుంది. ఆ సర్వేలో గుడ్డ ‘శుభ్రమైన పద్ధతి’ కిందికి రాదు. సబ్బుతో ఉతికి ఎండలో ఆరేసిన నూలు గుడ్డా, చూరులో దాచిన తడి గుడ్డా ఒకే గడిలో పడతాయి. నాకు దీని మీద కోపం ఉంది. అయినా కోపం పక్కన పెట్టి వినాల్సిన సంగతి ఒకటుంది. ఒడిశాలో ఆసుపత్రులకి వచ్చిన ఆడవాళ్ల మీద చేసిన పరిశోధనలు 2015లో, 2018లో అచ్చయ్యాయి. మళ్లీ మళ్లీ వాడే గుడ్డ పెట్టుకునేవాళ్లలో ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. ఎందుకో రెండో పరిశోధనలో కొంత తెలుస్తుంది. గుడ్డని ఇంట్లోపల ఆరేసుకోవడం, మరుగుదొడ్డిలో దాచుకోవడం ఆ జబ్బుతో ముడిపడి ఉన్నాయి.

అంటే, గుడ్డ కుట్టిచ్చి దాన్ని ఆరేసుకునే చోటు సంగతి మాట్లాడకపోతే, పిల్లలకి మనమే జబ్బు కుట్టి ఇచ్చినట్టు. ఎండకి కొదవా మనకి? రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటుంది. మిరపకాయని కల్లంలో రోజుల తరబడి ఎండబెడతాం, రంగు పోకూడదని కాపలా కాస్తాం. ఆడపిల్ల గుడ్డ మాత్రం చాప కింద, ఇంకో చీర కింద, తడితడిగా. మగవాళ్ల కంట పడితే సిగ్గు, పెద్దవాళ్ల కంట పడితే మైల.

ఈ సిగ్గుని కుట్టుతోనే దాటేసినవాళ్లున్నారు. 2008లో కెన్యాలో ఎన్నికల గొడవల తర్వాత ఒక అనాథాశ్రమం పిల్లలతో నిండిపోయింది. అక్కడికి సాయం చేస్తున్న సెలెస్ట్ మెర్జెన్స్ అనే అమెరికా ఆవిడ, నెలసరి రోజుల్లో ఆడపిల్లలు ఏం చేస్తున్నారని అడిగింది. ఏమీ లేదు, గదిలోనే కూర్చుంటారు అన్నారు. అట్టముక్కల మీద కూర్చుంటున్నారట. ముందు కొనే ప్యాడ్లే పంపారు. వాడినవి పారేయడానికి చోటు లేక అదో సమస్య అయింది. అప్పుడు ఉతికే గుడ్డ కుట్టడం మొదలుపెట్టారు. అలా పుట్టిందే ‘డేస్ ఫర్ గర్ల్స్’. ఇవాళ ఎన్నో దేశాల్లో స్వచ్ఛందంగా ఆ సంచులు కుడుతున్నారు. వాడే పిల్లల్ని అడిగి, నమూనాని మళ్లీ మళ్లీ మార్చుకుంటూ వచ్చారు. తెల్ల గుడ్డ పోయి రంగురంగుల పూల గుడ్డ వచ్చింది, మరక కనపడదు. ప్యాడు ఆకారం పోయి మడత పెట్టే గుడ్డ వచ్చింది. విప్పి దండెం మీద వేస్తే చేతిరుమాలు లాగా ఉంటుంది. ఎవరు చూసినా ఏంటది అని అడగరు. పలచగా ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది కూడా. మన దగ్గరలో ఆరోవిల్‌లో ‘ఎకో ఫెమ్’ వాళ్లు, దేశమంతా ‘గూంజ్’ వాళ్లు గుడ్డ ప్యాడ్ల పని చేస్తున్నారు. ఎవరి దగ్గరైనా నేర్చుకుందాం, తప్పులేదు.

ఆ సంచిలో మామూలుగా రెండు కవచాలు, ఎనిమిది మడత గుడ్డలు, రెండు డ్రాయర్లు, సబ్బు, తుడుచుకునే గుడ్డ, తడిసినవి పెట్టుకునే జిప్ కవర్లు ఉంటాయి. కవచం అంటే డ్రాయరుకి టిచ్ బటన్‌తో బిగించేది, లోపల నీరు దిగని పొర ఉంటుంది. మడత గుడ్డ దాని మీద పెట్టుకోవాలి. చేలో మార్చాల్సింది ఆ గుడ్డ ఒక్కటే. జాగ్రత్తగా వాడితే రెండు మూడేళ్లు వస్తాయి. నెలకి 10 చొప్పున కొనే ప్యాడ్లతో లెక్క వేయండి, మూడేళ్లకి 360. అవన్నీ కాలవలోనో చేలగట్టునో తేలేవే.

కుట్టే చెల్లెళ్లకి రెండు మాటలు. కొత్త నూలు గుడ్డని కత్తిరించే ముందు ఒకసారి ఉతికి ఆరేయండి. గంజి పోవాలి, కుంచించుకుపోయేది ముందే పోవాలి. నీరు దిగని పొరకి గుండుసూదులు గుచ్చొద్దు, ప్రతి బెజ్జం కారుతుంది. బట్టల క్లిప్పులు పెట్టి పట్టుకోండి. డ్రాయర్ల ఖర్చు ఎక్కువని వాటిని తగ్గించొద్దు. చాలామంది పిల్లల దగ్గర అవి లేవు, అవి లేకపోతే మిగతాదంతా దండగ. సూది పని మనకి ఎవరో వచ్చి నేర్పాల్సిన అవసరం లేదు. మన సుగాలి యాడీలు పేటియా మీద, కాంచళి మీద కుట్టిన కుట్టు చూసి మిషను కూడా సిగ్గుపడాలి. వాళ్లని కూడా కూర్చోబెట్టండి. అద్దాలు మాత్రం వద్దని చెప్పండి!

ఇచ్చేటప్పుడు కూర్చుని చెప్పండి. వాడినదాన్ని ముందు చన్నీళ్లలో నానబెట్టాలి, వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. తర్వాత సబ్బు, తర్వాత నేరుగా ఎండ. పురుగుమందు కొట్టిన చేలగట్టు మీద, కాయ ఆరబోసిన కల్లం పక్కన ఆరేయొద్దు. దురద, దుర్వాసన, జ్వరం ఉంటే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి, మనమే డాక్టర్లం కావద్దు. ఉతుక్కోవడానికి నీళ్లే లేని గుడారంలో, నాకు కొనే ప్యాడే కావాలి అని ఒక పిల్ల అంటే అదే ఇవ్వండి. గుడ్డ గొప్పదని ఆమెకి పాఠం చెప్పొద్దు. నీళ్లు లేకపోవడం ఆమె తప్పు కాదు.

ఫొటోలు వద్దు. సంచి పట్టుకుని నిలబడ్డ ఆడపిల్ల ఫొటో మన పేజీలో కూడా కనపడకూడదు. దాతలు అడుగుతారు. కుట్టిన గుట్ట ఫొటో పంపండి, మిషను ఫొటో పంపండి. ఆ పిల్ల మొహం అడిగితే ఆ డబ్బు మనకి వద్దు.

ఇక సర్కారు సంగతి. మనం వంద సంచులు కుడితే వందమంది పిల్లలకి, అంతకుమించి చేరదు. గుంటూరు, ప్రకాశం మైదానంలో షెడ్యూల్డ్ ఏరియా లేదు. కొండమీద ఆదివాసీకి కాగితం మీదన్నా ఉన్న రక్షణలు కొన్ని మనకి అదీ లేదు. కాబట్టి అడగాల్సింది మనమే. బడి పిల్లకి ఇచ్చే ప్యాడు వలస వచ్చిన చోట కూడా ఇవ్వాలి. ఆమె పేరు ఏ ఊరి బడిలో ఉన్నా, కోతల నాలుగు నెలలు ఇక్కడి అంగన్‌వాడీలోనో సచివాలయంలోనో అందాలి. 2005 ఉపాధి హామీ చట్టంలో పనిచోట తాగునీరు, నీడ ఉండాలని రాశారు. మిరప చేలో ఆసామి దగ్గర అలాంటి రాత ఏదీ లేదు, అడిగితేనే వస్తుంది. మనం అడగాల్సింది పెద్దదేం కాదు. నాలుగు కర్రలు, ఒక పరదా పట్టా, ఒక బిందె నీళ్లు. కల్లంలో కాయ మీద కప్పడానికి అంత పట్టా ఉన్నప్పుడు, పిల్లలకి చాటు కట్టడానికి ఒక ముక్క మిగలదా?

తమ్ముళ్లూ, మీ పని ఇక్కడుంది. మీలో మేస్త్రీలున్నారు, ఆటో నడిపేవాళ్లున్నారు. ఆసామితో కూలి రేటు మాట్లాడేటప్పుడే ఈ పట్టా మాట కూడా మాట్లాడండి. చేలోకి వెళ్లగానే ముందు ఆ చాటు కట్టి, తర్వాత కోతకి దించండి. ఇంట్లో దండేన్ని పెరటి మూల నుంచి ఎండలోకి మార్చండి. అక్కడ ఏ గుడ్డ ఆరుతున్నా దాని వంక చూసి నవ్వొద్దు. ఎవడన్నా నవ్వితే వాడితో మీరే మాట్లాడండి, చెల్లెలి దాకా రానివ్వద్దు.

కోతలు మొదలయ్యేలోపు మొదటి సంచులు తయారు కావాలి. ఏ తండాలో, ఏ కాలనీలో, ఏ గుడారాల దగ్గర ఎంతమంది ఆడపిల్లలున్నారో చెల్లెళ్లే వెళ్లి అడిగి, పేర్లు రాయకుండా సంఖ్య, డ్రాయరు సైజు మాత్రం రాసుకురండి. మిషను ఉన్నవాళ్లు ఒక వరసలో, కత్తిరింపు వచ్చినవాళ్లు ఒక వరసలో కూర్చోండి. గుడ్డ తానులు వచ్చాక ముందు ఉతకడానికి తొట్లు కావాలి. తమ్ముళ్లూ, ఆ నీళ్లు మోయడం మీతోనే మొదలు.