జవాబు పక్కన యూనిట్ రాయండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

జవాబు పక్కన యూనిట్ రాయకపోతే మన లెక్కల మాస్టారు సగం మార్కులే వేసేవారు. "నలభై అంటే ఏమిట్రా, మైళ్లా, మామిడికాయలా?" అనేవారు. కరెంటు డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరైన నాకు, కొవ్వాడ పేరు పేపర్లో చూసినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది.

కొవ్వాడ శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. 2008లో అమెరికాతో అణు ఒప్పందం కుదిరాక, ఆ దేశపు రియాక్టర్లకు మన ప్రభుత్వం చూపిన చోట్లలో అదొకటి. మొదట జీఈ-హిటాచీ అన్నారు. తర్వాత, గుజరాత్‌లోని మీఠీ విర్దీలో పెట్టాలనుకున్న వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లను ఇక్కడికి మార్చారు. ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు, అంటే 7,248 మెగావాట్లు. 2017 మార్చిలో ఆ కంపెనీయే అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. తర్వాత చేతులు మారి నిలదొక్కుకుంది. ఇక్కడ భూసేకరణ మాత్రం మొదలైపోయింది.

మెగావాట్లు రాశారు, బాగుంది. ఎప్పటికి? ఇదే నమూనాలో మొదటి రియాక్టరును చైనా వాళ్లు సన్మెన్‌లో 2009లో మొదలుపెడితే, 2018లో గానీ కరెంటు రాలేదు. అమెరికాలోనే జార్జియా రాష్ట్రం వోగ్‌ల్‌లో 2013లో కాంక్రీటు పోస్తే, మొదటిది 2023లో, రెండోది 2024లో అందుబాటులోకి వచ్చాయి. ఖర్చు తొలి అంచనాకు రెట్టింపు దాటింది. ఊరు ఖాళీ చేయాలన్న మాట చెవినపడ్డాక, ఇంటికి సున్నం వేయించాలన్నా వెనకాడతాం కదా. ఆ ఇళ్లవాళ్లకు తేదీ చెప్పాలి.

ప్రమాదం జరిగితే భారం ఎవరిది? సరఫరాదారునూ బాధ్యుణ్ణి చేసే వీలు 2010 చట్టంలో పెట్టారు. అమ్మేవాళ్లు అక్కడే ఆగారు.

యూనిట్ రేటు ఎంత? ఈ ప్రశ్న విలువ బషీర్‌బాగ్‌కు నేను చెప్పనక్కర్లేదు. 2000 ఆగస్టు 28న, కరెంటు ఛార్జీల పెంపు వద్దని అసెంబ్లీకి బయల్దేరినవాళ్ల మీద ఇక్కడే పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు పోయారు. ఆ రోజు నేను టారిఫ్ లెక్కల బల్ల దగ్గర ఉన్నాను. కాగితం మీద ఆ పైసలు నాకు చిన్నవిగానే కనిపించాయి. ఆ తప్పు నాది కూడా అని ఈ మధ్యనే ఒప్పుకోగలుగుతున్నాను.

నేను అణు విద్యుత్తుకు వ్యతిరేకిని కాను. అణు ఇంధన సముదాయం, ఈసీఐఎల్ మన ఊళ్లోనే ఉన్నాయి. మన క్లాసువాళ్లు వాటిలో పనిచేశారు, మనకు గర్వమే. నేను అడిగేది ఒక్కటే. తేదీ, రేటు, పూచీ రాశాకే భూమి అడగాలి.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు ఒక విన్నపం. యూనిట్ రాయని పిల్లవాడికి సగం మార్కులే వేయండి. రేపు వాడు ఏ ఆఫీసులో కూర్చున్నా, ఆ అలవాటు ఎక్కడో ఒక ఊరికి పనికొస్తుంది.