కొంగ ఎందుకు కదల్లేదు?



మాకు పాఠాలు చెప్పిన మాస్టారి పేరు మీద మాట్లాడాలనగానే నాకు గాథాసప్తశతే తోచింది. క్లాసులో పద్యం చదివాక ఆయన ముందుగా అర్థం అడిగేవారు కాదు. "ఎవరు, ఎవరితో అంటున్నారయ్యా ఈ మాట?" అనేవారు. ఆ ప్రశ్న పట్టుకుని వెళితేనే గాథ లోపలికి దారి దొరుకుతుంది.

ఈ ప్రాకృత గాథలను సాతవాహన రాజు హాలుడు కూర్చాడని సంప్రదాయం. ఒక్కో గాథకు మొదటి సగంలో 30 మాత్రలు, రెండో సగంలో 27. ఆ కాస్త చోటులో ఒక చెరువో, చేనో, గోదావరి గట్టో కనిపిస్తుంది. చదవగానే అర్థమైపోయినట్టే ఉంటుంది. శ్రీనాథుడు తొలి యౌవనంలో ఈ సప్తశతిని తెలుగు చేశానని చెప్పుకున్నాడు. ఆ పుస్తకం మనకు దక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి అనువాదం దక్కింది, అది మన అదృష్టం.

ఒక గాథలో తామరాకు మీద కొంగ కదలక మెదలక ఉంది. పచ్చల పళ్లెంలో పెట్టిన శంఖంలా ఉందని పోలిక. గాథలో ఉన్నది ఇంతే. పచ్చ మీద తెలుపు, బాగుందనుకుని పేజీ తిప్పెయ్యొచ్చు. 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు అలా తిప్పలేదు. కొంగ కదలడం లేదంటే దానికి బెదురు లేదు. బెదురు లేదంటే చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు. అలికిడి లేదంటే ఇద్దరు కలుసుకోవడానికి అనువైన చోటు. కావ్యప్రకాశంలో ఇలా ఒక్కో మెట్టు దింపి, ఇది ఒకామె ఒకతనితో అంటున్న మాట అన్నాడు. అక్కడితో ఆగలేదు. తాను వచ్చి వెళ్లానని అతను బుకాయిస్తున్నాడనుకోండి. అప్పుడామె కొంగను చూపించి, అబద్ధం, నువ్విక్కడికి రానేలేదు అంటోందన్నమాట. అదే పక్షి ఒకసారి పిలుపు, ఒకసారి నిలదీత. గాథలో అక్షరం మారలేదు.

ఇందులో శంఖం పోలికను చాలామంది అందం కోసమే అనుకుంటారు. నేను ఒప్పుకోను. శంఖానికి ప్రాణం లేదు. కొంగ నిశ్చలత ఎంత గట్టిదో చెప్పడానికి అంతకంటే తగిన వస్తువు దొరకదు. చెరువు గట్టున నడిచినవాళ్లకు తెలుసు, అడుగుల చప్పుడు దగ్గరైతే కొంగ లేచిపోతుంది. ఆ సంగతి తెలియనివాడికి మమ్మటుడు వినిపించిన ధ్వని, అంటే మాట వెనకున్న సూచన, వినపడదు. గాథ లోతంతా ఆ పక్షి స్వభావంలోనే ఉంది.

మరో గాథలో వరిచేలు తెల్లబడుతున్నాయని ఒక పడుచు తల వంచుకుని ఏడుస్తోంది. జనుము తోట పసుపుపచ్చ హరిదళం పూసుకున్న నటిలా తయారైంది కదా అని పక్కనున్నామె ఊరడిస్తోంది. పంట చేతికొస్తుంటే ఏడుపెందుకు? కోతలైతే చేను బోసిపోతుంది, ఇన్నాళ్లూ ఆమెనూ ప్రియుణ్ణీ దాచిన మరుగు పోతుంది. కృష్ణా డెల్టాలో వరి కోతల ముందు జనుము చల్లే రైతుకు ఆ ఊరడింపు విడమరచి చెప్పక్కర్లేదు. పచ్చటి పూతకొచ్చే వేళకు జనుము మనిషి నడుము దాటి దట్టంగా కమ్ముకుంటుంది. నటి అనడం నాకు మరీ ఇష్టం. మొహానికి రంగు పూసుకున్నామె అసలు మొహం కనపడదు, ఆ తోట లోపలున్నదీ కనపడదు.

అయితే ప్రతి పొద వెనకా ప్రేమికులను వెతికే వ్యాఖ్యాతలతో నాకు పేచీ ఉంది. వానాకాలంలో గడ్డికొసన వేలాడే నీటిబొట్టును నెమలి మెడ చాచి తాగుతుంది ఒక గాథలో. మరకతపు సూది గుచ్చిన ముత్యంలా ఉందట ఆ బొట్టు. దాన్ని అలా వదిలెయ్యాలి. అక్కడ చూడటమే పని.

వదిలెయ్యడానికి వీల్లేని గాథ ఒకటుంది. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఉదాహరించినది. ఒకామె ఒక ధార్మికుడికి ధైర్యం చెబుతోంది: అతను జంకే ఆ కుక్కను గోదావరి గట్టు పొదల్లో ఉండే సింహం ఇవాళ చంపేసింది, ఇక నిశ్చింతగా తిరగమని. పైకి తిరగమనడం, లోపల రావద్దనడం. ఆమె ప్రియుణ్ణి కలుసుకునే చోటికి అతను పూలకోసం వస్తున్నాడని వ్యాఖ్యాతలు చెబుతారు.

వ్యక్తివివేకం రాసిన మహిమభట్టు దీనికి ధ్వని అక్కర్లేదన్నాడు. సింహం ఉందంటే పిరికివాడు వెళ్లడు, ఇది మామూలు అనుమానప్రమాణమే, అంటే కారణాన్ని బట్టి ఊహించడమే అని ఆయన వాదన. మమ్మటుడు జవాబు చెప్పాడు. పిరికివాడైనా గురువు ఆజ్ఞ మీదో, ప్రేమకొద్దీనో భయమున్న చోటికీ వెళతాడు. కుక్కకు జంకేవాడు సింహానికి జంకకపోనూవచ్చు. అన్నిటికీ మించి, సింహాన్ని ఎవరు చూశారు? ఆమె మాట తప్ప ఆధారం లేదు, ఆమె నిజమే చెప్పాలని నియమమూ లేదు.

మమ్మటుడి పక్షాన నిలబడతాను నేను. కొంగ గాథలో పక్షి తీరు నిజమైనందువల్ల ధ్వని పుట్టింది. ఇక్కడ సింహం అబద్ధమైనా ధ్వని చెక్కుచెదరదు. ఆమె దాన్ని ఆ పొదల్లో ఎందుకు పెట్టిందన్నదే మనం చదవాల్సింది. ధార్మికుడు ఆ తర్వాత పూలకు వెళ్లాడో లేదో మాత్రం గాథలో లేదు.