చుక్కకు ఎన్ని పేరులు

చుక్కకు మన వ్రాతలో ఎన్ని పేరులున్నవో ఎప్పుడైన లెక్కించితిరా? బిందువు, సున్న, అరసున్న, ఉర్దూ చదివినవారికి నుక్తా, గణితమున దశాంశ బిందువు. ఆకారము అల్పము, చేయు పనిని బట్టి పేరు మారుచుండును. నేడు అంకెల నడుమ నుండు ప్రతి చుక్కను "పాయింటు" అని చదువుట వాడుకయైనది. ఈ వాడుకవలన పొలము గట్టు మీద కూడ చిక్కులు కలుగుచున్నవి గనుక, ఈ పేరులను గూర్చి కొంచెము ముచ్చటించెదను.

శూన్యమను సంస్కృత పదమే తెలుగున సున్న యైనది. అంకెలలోని సున్నకును, అక్షరము ప్రక్క నిలుచు అనుస్వారమునకును మనము ఒకే పేరు పెట్టితిమి. ఒకటి ఏమియు లేదనును. రెండవది ముక్కుతో పలుకుమనును. అంకెలలోని దానికి పూజ్యమను మరియొక పేరు గలదు. ఏమియు లేనిదానిని పూజ్యమనుటలో పెద్దల హాస్యమేమైన దాగియున్నదేమో! కంబుజదేశమున దొరకిన శకవర్షము 605, అనగా క్రీ.శ. 683 నాటి శాసనములో సున్న వట్టి చుక్కయే. ఉర్దూ అంకెలలో నేటికిని అంతే; అచటి అయిదు మాత్రము మన సున్నవలె గుండ్రముగా కనబడి క్రొత్తవారిని మోసగించును.

ఇక అరసున్న. చిన్నయసూరి తన బాలవ్యాకరణమున దీనిని ఖండబిందువనెను. ఏడు అనగా సంఖ్య. ఏఁడు అనగా సంవత్సరము. అచ్చులో ఈ గుర్తు దాదాపు అంతరించినది. కాని మా బీబీపేట రైతు "పదేండ్లు" అనునప్పుడు అది నిండుసున్నయై మరల వినబడును. పండితుల వాదములకంటె ఆ రైతు నాలుకయే దానికి గట్టి సాక్ష్యమని నా తలంపు.

1948 వరకు హైదరాబాదు రాజ్యమున కచ్చేరీ వ్రాతలు ఉర్దూలో నడచినవి. బీ, బీ, పేట్ అని విడదీసి వ్రాసినచో మా యూరి పేరునకు ఏడు చుక్కలు: రెండు బేలకు ఒక్కొక్కటి, పేకు మూడు, దాని తరువాతి యేకు రెండు. ఏడును గీతకు క్రిందనే యుండును. చుక్కలు తీసిన బేకును పేకును భేదము లేదు. మనము సున్న నుంచి ముక్కుపలుకును తెలుపుదుము. ఉర్దూవారు మాట చివర నూన్ అక్షరపు చుక్కను తీసివేసి, దానిని నూన్ గున్నా యని, అదే పని చేయింతురు!

ఇప్పుడు పొలము మాట. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయకు నూరు పైసలైనవి గనుక 2.50 రూపాయలలోని చుక్క నిజముగా దశాంశ బిందువే. పహాణీలోని చుక్క అట్టిది కాదు. అది ఎకరమునకును గుంటకును నడుమ నున్న గట్టు. ఎకరమునకు 40 గుంటలు. కావున మన తెలంగాణమున 2.20 అనగా రెండున్నర ఎకరములు. ఆంధ్రప్రదేశమున ఎకరమునకు 100 సెంట్లు. అచట అదే 2.20 మన కొలతలో రెండెకరముల ఎనిమిది గుంటలు మాత్రమే. భేదము పండ్రెండు గుంటలు, అనగా 1,452 చదరపు గజములు. అన్నదమ్ములు తలలు పగులగొట్టుకొనుటకు అందులో పదియవ వంతు చాలును.

బడిలో దశాంశములు నేర్చిన బాలుడు తండ్రి కాగితములు చూచి 1.20ను 1.30ను కూడి 2.50 అనును. తండ్రి దానిని రెండున్నర ఎకరములని నమ్మును. నిజమునకు మూడెకరముల పది గుంటలు! కూడికలోనే ముప్పది గుంటలు పోయినవి. పహాణీలో 2.39 తరువాత 2.40 రాదు, 3.00 వచ్చును.

అందుచే క్రయపత్రము చదివించుకొనువారు "రెండు పాయింటు ఇరువది" అని చదువనీయక, "రెండెకరముల ఇరువది గుంటలు" అని పలికించి, అక్షరములలో గూడ వ్రాయించి, పిమ్మట సంతకమో వ్రేలిముద్రయో వేయవలెను.